ఆకలి కాదమ్మా, అజీర్తి

ప్రశ్న: మాది నల్గొండ దగ్గర పల్లె. రెండేళ్లుగా షెడ్డులో వరిగడ్డి మీద చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) కొనే ఖర్చు తగ్గించుకుందామని ఆరు నెలల కింద ఒక ల్యాబ్ నుంచి రెండు టెస్ట్‌ట్యూబుల మదర్ కల్చర్ (స్పాన్ తయారీకి మూలం) తెచ్చుకున్నాను. ఇంట్లోనే ఆలుగడ్డ నీళ్లు, అగర్ (చైనా గ్రాస్) కాచి ప్లేట్లు పోసుకుంటున్నాను. మొదట్లో మైసీలియం (పుట్టగొడుగు తెల్ల పోగులు) ఎనిమిది రోజుల్లో ప్లేటంతా తెల్లగా పరుచుకునేది. ఇప్పుడు రెండు వారాలైనా అంచుకు చేరడం లేదు, సాలెగూడులా పల్చగా ఉంటోంది. బలం చాలడం లేదనుకుని లీటరుకు 20 గ్రాములు వేసే చక్కెరను 50 గ్రాములు చేశాను. వీడియోలు చూసి ఒకసారి తేనె, ఒకసారి అర చెంచా యూరియా, ఒకసారి బి-కాంప్లెక్స్ మాత్ర పొడి కలిపాను. తేనె వేస్తే అగర్ గట్టిపడలేదు. యూరియా వేస్తే మైసీలియం అసలు కదల్లేదు. మాత్ర వేసిన ప్లేటులో ఒక పక్క దూదిలా ఉబ్బింది, మిగతాది అలాగే ఉంది. కొన్ని ప్లేట్లు పుల్లటి వాసన వస్తున్నాయి. కుక్కర్లో ముప్పావు గంట ఉంచుతున్నాను, నీళ్లు బోరువి. ప్లేటు నుంచి ప్లేటుకు మార్చడం ఇది ఏడోసారి. అసలు మైసీలియానికి ఏం తిండి కావాలి, ఎంత కావాలి? ఆలుగడ్డ బదులు గంజి వాడొచ్చా?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అన్నిటికన్నా పెద్ద విషయాన్ని మీరు చివర్లో మాటవరసకు రాసినట్టు రాశారు. ఏడోసారి అన్నారు చూడండి, అదీ. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు తిండి సంగతి చూద్దాం, మీరు అడిగింది అదే కాబట్టి.

మనం తిని, లోపల అరిగించుకుంటాం. మైసీలియం ముందు బయటే అరిగించుకుని, ఆ తర్వాత లోపలికి పీల్చుకుంటుంది. దాని పోగుల కొసల నుంచి ఎంజైములు ఊరతాయి. అవి గడ్డిలోని పీచును, గింజలోని పిండిని చిన్న చిన్న చక్కెరలుగా కోస్తాయి, పోగులు ఆ రసాన్ని తాగుతాయి. అంటే వంటా వడ్డనా అన్నీ వాకిట్లోనే. వాకిట్లో విస్తరి వేస్తే పిలవని వాళ్లు కూడా వస్తారు. బ్యాక్టీరియా, పచ్చ బూజు వచ్చేది అలాగే. వండిన తిండి ఎంత ఎక్కువగా, ఎంత తేలిగ్గా అరిగేలా పెడితే వాటికి అంత పండగ. మైసీలియం కన్నా అవి ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతాయి. మీ ప్లేట్లలో పుల్లటి వాసన బ్యాక్టీరియాది. మీరు పెంచిన చక్కెర సగం వాటికే పోయింది.

ఇంకొకటి. ప్లేటు మీద మైసీలియం పాకే వేగం వేరు, దానికి పట్టే కండ వేరు. తిండేమీ లేకుండా ఉత్త అగర్ నీళ్ల మీద పెట్టి చూడండి, చిప్ప పుట్టగొడుగు మైసీలియం పల్చగా, దారపు పోగులా, బాగానే దూరం పాకుతుంది. తిండి వెతుక్కుంటూ పోతుందన్నమాట. తిండి దండిగా ఉన్నచోట నిలబడి కొమ్మలు వేసి చిక్కబడుతుంది. కాబట్టి పల్చదనం ఒక్కటే చూసి బలం లేదనుకోకూడదు, నెమ్మది ఒక్కటే చూసి ఆకలి అనుకోకూడదు. మీ ప్లేట్లలో పల్చదనం, నెమ్మది రెండూ కలిసి ఉన్నాయి. తిండి తక్కువైతే ఇలా ఉండదు.

ఇక లెక్కకు వద్దాం. ఆలుగడ్డ అగర్ పాత లెక్క అందరికీ తెలిసిందే. లీటరుకు 200 గ్రాముల ఆలుగడ్డ ఉడకబెట్టిన నీళ్లు, 20 గ్రాముల గ్లూకోజ్, 15 నుంచి 20 గ్రాముల అగర్. ఇందులో 20 అనేది ఊరికే వేసిన అంకె కాదు. మైసీలియం ఒంట్లో నీళ్లు పోగా మిగిలే బరువులో దాదాపు సగం కర్బనం. అది చెట్టులా ఎండలో వండుకోలేదు కాబట్టి కర్బనమంతా తిండి నుంచే రావాలి. ఒళ్లు కట్టుకోవడానికి, ఊపిరికి కలిపి ఒక ప్లేటు నిండడానికి ఆ 20 గ్రాములు చాలు, ఇంకా మిగులుతుంది. 50 చేస్తే రెండు నష్టాలు. చిక్కటి చక్కెర నీళ్లు పోగుల నుంచి నీటిని బయటికి లాగుతాయి, ఊరగాయలో ఉప్పు చేసే పనే అది. రెండోది, కర్బనం రెండున్నర రెట్లు పెంచి నత్రజని అంతే ఉంచారు. పప్పు లేకుండా అన్నం మాత్రం మూడు గిన్నెలు పెట్టినట్టు. మీరు వాడేది వంటింటి చక్కెర అనుకుంటున్నాను. గ్లూకోజ్‌ను మైసీలియం నేరుగా తీసుకుంటుంది. చక్కెరనైతే ముందు రెండుగా విడగొట్టుకోవాలి, ఆ పని కొన్ని జాతులకు, కొన్ని రకాలకు సరిగా చేతకాదు. మందుల షాపులో దొరికే మామూలు గ్లూకోజ్ పొడి వాడండి. రంగు, రుచి కలిపినవి వద్దు. మాల్ట్ డ్రింకుల పొడి కూడా వద్దు, అందులో పాలపొడి, ఉప్పు ఉంటాయి.

నత్రజని దగ్గర కాసేపు ఆగుతాను. పుట్టగొడుగుల కథంతా ఇక్కడే ఉంది. కండకు, ఎంజైములకు, చివరికి గోడలు కట్టుకునే కైటిన్‌కు కూడా నత్రజని కావాలి. చిప్ప పుట్టగొడుగు అడవిలో పెరిగేది చచ్చిన మాను మీద. మానులో ఒక పాలు నత్రజనికి వందల పాళ్ల కర్బనం ఉంటుంది. ఆ కరువులో అది ఎలా బతుకుతుందో 1984లో కెనడాలో థార్న్, బ్యారన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. చిప్ప పుట్టగొడుగు మైసీలియం నులిపురుగులను చంపి తింటుందట! పోగుల మీద చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి, పురుగు వాటిని తాకితే నిమిషాల్లో చచ్చుబడిపోతుంది, పోగులు నోటి దగ్గర నుంచి లోపలికి దూరి అరిగించుకుంటాయి. ఆ బొడిపెల్లో ఉన్న విషం ఏమిటో 2023లో తైవాన్ పరిశోధకులు తేల్చారు, తేలిగ్గా ఆవిరయ్యే ఒక కీటోన్ అది. మనం శాకాహారమని వండుకునేది అడవిలో వేటాడుతుందని మా ఇంట్లో చెప్తే ఆ రోజు కూర ఎవరూ ముట్టలేదు. నేనొక్కడినే తిన్నాను.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఇంత కరువుకు అలవాటు పడ్డ ప్రాణికి మీరు అర చెంచా యూరియా పెట్టారు. అర చెంచా అంటే రెండు గ్రాములు వేసుకోండి. యూరియాలో 46 శాతం నత్రజని, అంటే సుమారు ఒక గ్రాము. పరిశోధనశాలల్లో వాడే ఒక మంచి పుష్టికరమైన మీడియం (ప్లేటులో పోసే తిండి) లెక్క చెప్తాను, పోల్చుకోండి. లీటరుకు గ్లూకోజ్ 20 గ్రాములు, పెప్టోన్ (ముందే అరిగించిన మాంసకృత్తుల పొడి) 2, ఈస్ట్ సారం 2, వీటితో పొటాషియం ఫాస్ఫేట్లు ఒకటిన్నర గ్రాముల దాకా, మెగ్నీషియం సల్ఫేట్ అర గ్రాము. ఇందులో మొత్తం నత్రజని సుమారు అర గ్రామే. కర్బనం దానికి ఇరవై రెట్లు ఉంటుంది. మీరు ఆలుగడ్డలో ఉన్నది కాక, దీనికి రెట్టింపు పోశారు. అదీ యూరియాగా. యూరియా తనంతట తాను విషం కాదు, కొద్దిగా ఇస్తే చాలా జాతులు వాడుకుంటాయి. కానీ కుక్కర్ వేడికి అందులో కొంత విరిగి అమోనియా అవుతుంది. మూత తీసినప్పుడు ముక్కు మండిందా? గుర్తు చేసుకోండి. అమోనియా మైసీలియాన్ని కాలుస్తుంది, మీడియాన్ని క్షారంగా మారుస్తుంది. అందుకే ప్లేటు కదల్లేదు.

పొలంలో ఎరువు వేసి అలవాటైన వాళ్లకు ఇంకో అనుమానం వస్తుంది, నైట్రేట్ ఎరువు వేస్తే ఎలా ఉంటుందని. వేయకండి. మొక్కకు నైట్రేట్ ఇష్టం, పుట్టగొడుగు మొక్క కాదు. బటన్ పుట్టగొడుగు మైసీలియం నైట్రేట్‌ను వాడుకోనే లేదు, మరికొన్ని సాగు జాతులదీ దాదాపు అదే దారి. వాటికి అమైనో ఆమ్లాల రూపంలో ఉన్న నత్రజని అన్నిటికన్నా హాయి. ఆలుగడ్డ నీళ్లలో అది సహజంగానే కొంత ఉంటుంది. ఇంకాస్త కావాలంటే లీటరుకు ఒక గ్రాము ఈస్ట్ సారం, లేదా ఒక గ్రాము పెప్టోన్. అంతే. రెండు గ్రాములు దాటనివ్వకండి. దొరక్కపోతే శనగపిండి ఒక చెంచా నీళ్లలో కాచి, వడగట్టి కలపండి. కాస్త మబ్బుగా ఉంటుంది గానీ పని జరుగుతుంది.

ఖనిజాల గురించి ఎక్కువ చెప్పను. భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం, గంధకం కొలిచే మోతాదులో కావాలి. ఇనుము, జింకు, మాంగనీసు, రాగి చిటికెలో చిటికె కావాలి. ఒక బూజు జాతికి జింకు తప్పనిసరి అని పాశ్చర్ శిష్యుడు జూల్ రోలాన్ 1869లోనే కనిపెట్టాడు. గడ్డిని కోసే ఎంజైముల్లో ఒకదాని నడుమ రాగి ఉంటుంది, ఇంకొకటి మాంగనీసు లేనిదే పనిచేయదు. కానీ ఆలుగడ్డలో, అగర్‌లో ఇవన్నీ అంతో ఇంతో ఉన్నాయి. మీరు విడిగా వేయాల్సిన పనే లేదు. సూక్ష్మపోషకాల ప్యాకెట్ తెచ్చి పోశారా, మరో యూరియా కథ అవుతుంది.

విటమిన్లలో నిజంగా పట్టించుకోవలసింది బి1, అంటే థయమిన్. చాలా పుట్టగొడుగు జాతులు దాన్ని సొంతంగా పూర్తిగా తయారు చేసుకోలేవు. వరిగడ్డి పుట్టగొడుగు, షిటాకే అలాంటివే. కావలసింది ఎంత? లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు నుంచి ఒక మిల్లీగ్రాము. ఆలుగడ్డ నీళ్లు, ఈస్ట్ సారం ఉంటే అది వచ్చేసినట్టే. మాత్రలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఎక్కువైనా హాని పెద్దగా లేదు, లాభం మాత్రం లేదు. మీ ప్లేటులో ఒక పక్క దూదిలా ఉబ్బింది మాత్ర వల్ల కాదు. అదే అయితే ప్లేటంతా ఉబ్బాలి కదా.

థయమిన్ గురించి ఒక కిటుకు మాత్రం తెలుసుకోండి. పులుపు ఉన్న నీళ్లలో అది వేడికి తట్టుకుంటుంది, క్షారం ఉన్న నీళ్లలో ఉడికితే పాడవుతుంది. మీ బోరు నీళ్ల మాట ఇక్కడ వస్తుంది. మీ వైపు బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ, గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే. ఆ నీళ్లు మరిగేకొద్దీ పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత) పైకి, అంటే క్షారం వైపు పోతుంది. చిప్ప పుట్టగొడుగు మైసీలియానికి ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య హాయిగా ఉంటుంది. క్షారం పెరిగితే విటమిన్ పోతుంది, ఇనుము, జింకు లాంటివి కరగకుండా అడుక్కి చేరతాయి. తిండి ప్లేటులో ఉన్నా నోటికి అందదు. వాన నీళ్లు పట్టుకోండి, లేదా బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. నెలకు రెండు లీటర్లు పోసుకునే మీకు అది పెద్ద ఖర్చు కాదు. పీహెచ్ కాగితాల పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది.

తేనెది దీనికి ఎదురు కథ. తేనె పుల్లన. అందులో వేసి అగర్‌ను ముప్పావు గంట కుక్కర్లో ఉంచారు. పులుపు, వేడి కలిస్తే అగర్ గొలుసులు తెగిపోతాయి, ఎంత చల్లారినా గట్టిపడదు. మనవాళ్లు చైనా గ్రాస్‌తో స్వీట్లు చేసేటప్పుడు పుల్లటి పండ్ల రసాన్ని చివర్లో కలిపేది కూడా అందుకే. పైగా ముప్పావు గంట ఎందుకమ్మా? పావు లీటరు సీసాలకైతే పూర్తి ఒత్తిడి వచ్చాక 20 నిమిషాలు చాలు. కుక్కర్లో ఒత్తిడి 15 పౌండ్లకు వస్తే వేడి 121 డిగ్రీలు ఉంటుంది. మంట తగ్గించి, మొదటి విజిల్ తర్వాత గడియారం చూసుకోండి. అంతకు మించి ఉంచితే చక్కెర, అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి అంటుకుని మీడియం గోధుమ రంగుకు తిరుగుతుంది, పాలు ఎక్కువ సేపు మరిగితే రంగు తిరిగినట్టే. చూడ్డానికి బలంగా కనిపిస్తుంది. నిజానికి ఆ రంగులో మీరు వేసిన నత్రజని కొంత చిక్కుకుపోయి ఉంటుంది. మీడియం లేత గంజి రంగులో ఉండాలి, టీ డికాక్షన్ రంగులో కాదు.

ఆలుగడ్డ ఉడికించడంలో కూడా రెండు మాటలు. తొక్క తీసి, ముక్కలు చేసి, పచ్చగా మారిన ముక్కలు పారేసి, మెత్తబడేదాకా ఉడికించండి. వడగట్టేటప్పుడు బట్టను పిండకండి, ముద్ద దిగితే పిండి ఎక్కువై మీడియం మసకబారుతుంది, బ్యాక్టీరియా మచ్చ వచ్చినా కంటికి కనబడదు. ఇంకొకటి, ఉడికాక తగ్గిన నీళ్లు మళ్లీ పోసి లీటరు చేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు. లీటరు కాస్తా ముప్పావు లీటరు అయితే మీరు అనుకున్న 20 గ్రాములు 20 కాదు.

ఇప్పుడు ఆ దూది పక్క గురించి. దాన్ని చూసి మీకు ఆశ పుట్టి ఉంటుంది. నాకూ ఒకప్పుడు పుట్టింది. కొత్తలో నేను ఈస్ట్ సారం రెండింతలు వేసి ప్లేట్లు పోశాను. ఒకదానిలో ఓ మూల మబ్బులా ఉబ్బింది. అబ్బ, ఎంత బలంగా ఉందో అనుకుని అక్కడి ముక్కే కోసి, జొన్నల మీదికి మార్చి, నలభై బస్తాలు వేశాను. బస్తాలు తెల్లగా నిండాయి. నెల రోజులు రోజూ పొద్దున్నే వెళ్లి చూసేవాణ్ణి. ఒక్క మొగ్గ రాలేదు. మైసీలియం ఒంటి నిండా ఉంది, కాపు మర్చిపోయింది. ప్లేటులో మిగతా భాగానికి భిన్నంగా, చీలిక గీసినట్టు విడిపోయి ఉబ్బే భాగాన్ని సెక్టార్ అంటారు. పాతబడ్డ కల్చర్లలో ఇది ఎక్కువ. పెరుగుదల బాగున్నా పంట చెడే గుర్తు అది. మీ ప్లేటులో ఆ ముక్కను ఎట్టి పరిస్థితుల్లోనూ ముందుకు తీసుకుపోకండి.

చూశారా, చివరికి ఏడోసారి దగ్గరికే వచ్చాం. మదర్ కల్చర్ నుంచి ప్లేటుకు, ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోయినకొద్దీ మైసీలియం ముసలిదవుతుంది. ఎప్పుడూ అదే ఆలుగడ్డ అగర్ మీద పెంచితే ఇంకో ఇబ్బంది. గ్లూకోజ్ నోట్లో పెడుతుంటే గడ్డిని కోసే ఎంజైములతో దానికి పనేముంది? చాలా తరాలు అలా గడిచిన కల్చర్ గడ్డి మీదికి వెళ్లినప్పుడు తడబడుతుంది. నేనైతే మూడోసారి దాటనివ్వను.

అందుకని చక్కెర డబ్బా పక్కన పెట్టి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మీరు తెచ్చిన రెండు ట్యూబుల్లో ఒకటైనా ఫ్రిజ్‌లో మిగిలి ఉందా? ఉంటే సరైన నీళ్లతో, సరైన లెక్కతో ఆలుగడ్డ అగర్ ఒకే గిన్నెలో కాచి ఆరు ప్లేట్లు పోయండి. మూడింటిలో ట్యూబులోని ముక్క, మూడింటిలో ఏడో తరం ముక్క పెట్టండి. 25 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉంచి, రెండు రోజులకోసారి ప్లేటు అడుగున మార్కర్‌తో అంచు గీయండి. ఫ్రిజ్‌లోంచి తీసింది మొదటి రెండు రోజులు బద్ధకిస్తుంది, ఆ తర్వాతి గీతలే చూడండి. రెండూ ఒకేలా పాకితే తప్పు ఇన్నాళ్లూ మీడియంలోనే ఉందని తేలుతుంది, సంతోషం. ట్యూబుది ముందుకు పోయి ఏడో తరం వెనకబడితే, తిండి ఎంత మార్చినా లాభం లేదు. పాతదాన్ని పారేయండి. ట్యూబు మిగల్లేదంటే కొత్తది తెచ్చుకోవడమే. హిమాచల్‌లో సోలన్‌లోని పుట్టగొడుగుల పరిశోధన డైరెక్టరేట్, బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కల్చర్లు ఇస్తాయి. మీకు బెంగళూరు దగ్గర.

కొత్తది వచ్చిన రోజే దాన్నుంచి ఏడెనిమిది ట్యూబులు చేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. వాటిలో ఒక్కొక్కటి తీసి వాడుకుంటే ఏడాది పొడుగునా మీరు రెండో తరంలోనే ఉంటారు. ప్లేట్ల మీడియం కూడా మారుస్తుండండి. ఒకసారి ఆలుగడ్డ, ఒకసారి లీటరుకు 20 గ్రాముల మాల్ట్ సారంతో, ఒకసారి గ్లూకోజ్ సగానికి తగ్గించి గుప్పెడు వరిగడ్డి ముక్కలు కాచిన నీళ్లతో. గడ్డి నీళ్ల ప్లేటు మీద పల్చగా వస్తుంది, కంగారు పడకండి. అది రేపు తినబోయే తిండి రుచి ముందే చూస్తోంది.

ప్లేటు దాటితే తిండి లెక్క మారుతుంది. జొన్నల్లో పిండి, మాంసకృత్తులు, విటమిన్లు అన్నీ ఉన్నాయి, అందుకే స్పాన్‌కు జొన్న అంత బాగా పనికొస్తుంది. దానికి ఏ బలమూ కలపనక్కర్లేదు. గింజ మెత్తబడాలి, పగలకూడదు. పగిలిన గింజ నుంచి పిండి కారితే మళ్లీ అదే వాకిట్లో విస్తరి. ఆరబెట్టాక జిప్సం రెండు శాతం, సుద్ద పొడి అర శాతం కలుపుతారు. జిప్సం గింజల్ని అంటుకోకుండా విడదీస్తుంది, కాల్షియం, గంధకం కూడా ఇస్తుంది. సుద్ద పొడి పులుపు పెరగకుండా ఆపుతుంది, ఎందుకంటే మైసీలియం తింటూ తింటూ చుట్టూ పులుపు విడుస్తుంది. మీడియానికి 20 నిమిషాలన్నాను కదా, జొన్నల సంచులకు మాత్రం గంటన్నర నుంచి రెండు గంటలు తప్పదు, గింజ గుండెలోకి వేడి ఎక్కడానికి అంత సేపు పడుతుంది.

వరిగడ్డికి వచ్చేసరికి చాలామంది తవుడు కలపమంటారు. వరిగడ్డిలో నత్రజని అర శాతం కన్నా కాస్త ఎక్కువ, ఒక పాలు నత్రజనికి డెబ్బై ఎనభై పాళ్ల కర్బనం. తవుడు కలిపితే దిగుబడి పెరిగేది నిజమే. కానీ మీరు గడ్డిని వేడినీళ్లలో ముంచి తీస్తారు గానీ కుక్కర్లో పెట్టరు కదా. వేడినీళ్లకు చావని పచ్చ బూజు విత్తనాలకు ఆ తవుడే మొదటి ముద్ద. పైగా తిండి ఎక్కువైన బస్తా లోపల వేడెక్కుతుంది. మన ఎండాకాలంలో నేనైతే ఒక గుప్పెడు కూడా వేయను. చలికాలంలో తవుడును విడిగా కుక్కర్లో ఉడికించి, గడ్డి బరువులో రెండు మూడు శాతం, నాలుగైదు బస్తాల్లో వేసి చూడండి.

రేపు వేరే జాతులకు వెళ్తే ఈ లెక్కలన్నీ యథాతథంగా పట్టుకుపోకండి. బటన్‌కు ముందే పులియబెట్టిన కంపోస్టు కావాలి, అక్కడ కర్బనం, నత్రజని పాళ్లు పదిహేడుకు ఒకటి దగ్గరికి దిగుతాయి. వరిగడ్డి పుట్టగొడుగు క్షారాన్ని ఇష్టపడుతుంది, దాని కల్చర్‌ను ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతుంది. ఇక పుట్టల మీద వచ్చే పుట్టగొడుగు ఉంది చూశారూ, మన భాషలో ఈ జాతి మొత్తానికీ పేరిచ్చింది, దాని మైసీలియాన్ని ప్లేటు మీద నెమ్మదిగా పెంచవచ్చు గానీ గొడుగు విప్పించడం మనుషుల వల్ల కావడం లేదు. దానికి వండిపెట్టడం చెదపురుగులకే తెలుసు.

గంజి అడిగారు. వాడొచ్చు, కానీ ఉత్త గంజి కాదు. పాలిష్ పట్టిన బియ్యం గంజిలో పిండి ఉంటుంది, నత్రజని తక్కువ, బి1 దాదాపు తవుడుతోనే మిల్లులో పోయింది. పాలిష్ బియ్యం తిన్నవాళ్లకు బెరిబెరి వచ్చింది ఆ లోటు వల్లే. మైసీలియానికీ అదే లోటు. అందుకని గంజిని సగానికి సగం నీళ్లతో పల్చన చేసి, లీటరుకు రెండు చెంచాల తాజా తవుడు వేసి పది నిమిషాలు మరిగించి, గుడ్డలో వడగట్టి, 10 గ్రాముల గ్లూకోజ్, 20 గ్రాముల అగర్ కలపండి. ఉప్పు వేసి వండిన అన్నం గంజి వద్దు, పులిసిన గంజి అసలే వద్దు. తవుడు ముక్కిపోయిన వాసన వస్తుంటే పశువులకు వేసేయండి. గంజి మీడియం కుక్కర్లో బాగా పొంగుతుంది, సీసా మూడో వంతు ఖాళీ వదిలి, ఒత్తిడి దానంతట అది దిగేదాకా మూత తీయకండి.